చప్పుడు లేని పంపు

3వ తేదీ, సోమవారం

మా అమ్మాయి గొంతు నెగ్గింది.

ముందు ఈ ఒక్క ముక్క రాసేసి ఊపిరి పీల్చుకున్నాను, ఇక మిగతాది. పుస్తకాలు చదివి వినిపించే కంపెనీ ఒకటి ఉందట. జనం బస్సుల్లో కూర్చుని, గిన్నెలు తోముకుంటూ, చెవుల్లో పెట్టుకుని కథలు వింటారట. అవి చదవడానికి మనుషులు కావాలంటే నూట నలభై మంది చదివి పంపారు. నలుగురిని ఏరారు. ఆ నలుగురిలో మా పిల్ల ఒకతి. మొదటి పుస్తకమే నాలుగు వందల పేజీలది. నా చిట్టితల్లి, నా బంగారుకొండ, 'నాన్నా' అనడానికి మూడు 'నా'లు కావలసి వచ్చిన పిల్ల. చుట్టాలందరూ దాని నోట్లోంచి మాట లాక్కుని వాళ్లే పూర్తిచేసేవాళ్లు. నేను మాత్రం ఎంతసేపైనా ఆగేవాణ్ని. ఇప్పటికీ మాట్లాడితే అక్కడక్కడా తగులుకుంటుంది. చదివితే మాత్రం కొత్త బేరింగే, ఆగడమనేది లేదు.

చెప్పగానే ఏడ్చేశాను. "ముందు విషయం పూర్తిగా వినండి" అని మా ఆవిడ అరిచింది. ఆవిడ గొంతు మొదట్నుంచీ పెద్దదే. ఈ పదేళ్లలో ఇంకా పెరిగింది.

పూర్తి విషయం ఏమిటంటే, గొంతు నెగ్గింది కానీ గది తప్పింది. చదువుతుంటే వెనకాల కంప్యూటర్ హోరు వస్తోందట. ఇరవయ్యో తేదీలోగా హోరు లేకుండా పది పేజీలు మళ్లీ చదివి పంపాలి, పుస్తకం మొత్తం అదే నిశ్శబ్దంలో చదవగలనని మాటివ్వాలి. అప్పుడు పుస్తకం దీనిది. లేకపోతే ఐదో మనిషిది.

అమ్మాయి ఇళ్ల నమూనాలు గీసే ఆఫీసుకు ఇంట్లోంచే పనిచేస్తుంది. కట్టని ఇంటిని కట్టేసినట్టు ఫోటోలా చూపించాలి. ఆ బొమ్మ తయారవడానికి కంప్యూటర్ పగలంతా లోపల్లోపల ఉడుకుతూ ఉంటుంది, ఉడికేకొద్దీ ఫ్యాన్లు రెచ్చిపోతాయి. పది పేజీలకైతే ఆపి చదవొచ్చు. నాలుగు వందల పేజీలకు ఎన్నాళ్లని ఆపుతుంది? ఆఫీసు ఊరుకోదు. నిజం చెప్పాలంటే నాకు అదంత హోరనిపించలేదు. ఈ కాలం మైకులు మరీ సుకుమారం.

"ఒకటే దారి నాన్నా. నీళ్లతో చల్లార్చాలి. అప్పుడు ఫ్యాన్లు మెల్లగా తిరిగినా చాలు," అంది అమ్మాయి. "దానికీ రే... రేడియేటరే."

రేడియేటరే. ముప్ఫయ్యెనిమిదేళ్లు బస్సు డిపోలో రేడియేటర్లు తప్ప ఇంకో వస్తువు ముట్టని మనిషిని నేను. రిటైరయ్యాక ఈ ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగలేదు, కుళాయి కారితే కూడా ప్లంబర్నే పిలిచారు. ఇప్పుడు నా కూతురు నా ముందు కూర్చుని, సామాను నువ్వే చూసిపెట్టాలి నాన్నా అంటోంది. ఈ చేతులతో ఏం చేసుకోను, ఎక్కడ పెట్టుకోను ఇంత సంతోషం.

4వ తేదీ, మంగళవారం

మా ఆవిడకు తెలివి ఎక్కువ. "కంప్యూటర్ని ముందు గదిలో పెట్టి, మైకు వెనక గదిలో పెడితే పోలా? ఈ నీళ్లూ నిప్పులూ ఎందుకు?" అంది. ఉన్నవి రెండు గదులూ ఒక వంటిల్లు. సరేనని మోశాం. పొడుగు వైరు తెచ్చి తలుపు కింద సందులోంచి లాగాం. అమ్మాయి బట్టల అలమారులో స్టూలు వేసుకుని చదువుతుంది, చుట్టూ బట్టలుంటే గొంతు గోడలకు కొట్టుకోదట.

చదివి, విని, వైరు పీకేసింది. వైరు పొడుగయ్యేసరికి గొంతు తెగి తెగి వస్తోందట.

"మళ్లీ నత్తిలా వినిపిస్తోంది. నాకొద్దు," అంది.

మళ్లీ వెనక గదికి మోశాం. ముఖం చూడలేకపోయాను.

5వ తేదీ, బుధవారం

అమ్మాయీ నేనూ కంప్యూటర్ షాపుకు వెళ్లాం. షాపాయనకు రెండు కళ్లజోళ్లు, ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద. రెండుజోళ్లాయన అందాం. మంచివాడే కానీ మాట నోట్లోనే ఉండిపోతుంది. వ్యాపారం చేసేవాడు అంత గొణిగితే ఎలా బతుకుతాడో.

మొత్తం ఏమిటీ అంటే మన బస్సే. వేడెక్కే చిప్పు మీద ఒక దిమ్మ కూర్చుంటుంది, దాని కడుపులోంచి నీళ్లు పోతాయి, పంపు తోస్తుంది, రేడియేటర్లో చల్లారి తిరిగి వస్తాయి. మధ్యలో నీళ్లు నిలవడానికి చిన్న డబ్బా. బస్సు లేదు గానీ బస్సుకున్న రోగాలన్నీ ఉన్నాయి.

ఆయన ఒక రేడియేటర్ తీసి నా చేతిలో పెట్టాడు. "తేలిక పెద్దాయనా. అందరూ ఇదే తీసుకుంటారు."

చేత్తో పట్టుకోగానే తెలిసిపోయింది. గోటితో మూల గీకాను. "ఇది అల్యూమినియం. మరి ఆ చిప్పు మీద కూర్చునే దిమ్మ?"

"రాగి."

"రాగినీ అల్యూమినియాన్నీ ఒకే నీళ్లలో పెడితే ఏమవుతుంది?"

నెత్తి మీది జోడు ముక్కు మీదికి వచ్చింది. "ఏమవుతుంది?"

"అత్తాకోడళ్లను ఒకే వంటింట్లో పెట్టినట్టవుతుంది. పైకేమీ కనపడదు. కొన్నాళ్లకు చూస్తే ఒకరు రెండోవాళ్లను తినేసి ఉంటారు."

అమ్మాయి నవ్వింది. ఎన్నాళ్లయిందో అలా నోరంతా తెరిచి నవ్వి. రెండుజోళ్లాయన లోపలికెళ్లి రాగిది తెచ్చాడు. మూడు ఫ్యాన్లు పట్టే పొడుగుది. రెండు ఫ్యాన్లది చాలన్నాడు, నేను ఒప్పుకోలేదు. రేడియేటర్ పెద్దదైతే గాలి కొంచెం చాలు, గాలి కొంచెమైతే చప్పుడు కొంచెం. ఇది నేను నా చేతులతో నేర్చుకున్న సంగతి.

గొట్టాలు మెత్తనివి తీసుకున్నాం. గాజులాంటి గట్టివి కూడా ఉన్నాయి, చూస్తే ముద్దొచ్చాయి, కానీ వేడిచేసి వంచాలి, నా చేతులు ఇప్పుడు వణుకుతాయి. గొట్టాల కొసన బిగించే మరలు ఆయన తీసినవి కాస్త పెద్దవి. జేబులో కొలతలు తీసే వెర్నియర్ పెట్టుకుపోబట్టి సరిపోయింది, లేకపోతే మొదటి రోజే నేలంతా నీళ్లు.

పంపులు మాత్రం శనివారం వస్తాయట. అమ్మాయిని ఆఫీసువాళ్లు శుక్రవారం పొరుగూరికి ఇల్లు కడుతున్న చోటికి పంపుతున్నారు, మంగళవారం గానీ రాదు.

అత్తాకోడళ్ల మాట ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. "మీ అమ్మతో ఇరవయ్యేళ్లు ఒకే వంటింట్లో ఉన్నాను. ఎవరు ఎవర్ని తిన్నారో చెప్పి అప్పుడు భోజనానికి కూర్చోండి," అంది.

6వ తేదీ, గురువారం

రేడియేటర్ కడిగాను. కొత్తదైనా కడగాలి. లోపల్నుంచి అతుకులు వేసిన సోల్డరు పొట్టు వచ్చింది. ఎక్కడో ఎవడో మనలాంటివాడు చేతులు కాల్చుకున్నాడన్నమాట. ఆరుసార్లు కడిగాను.

7వ తేదీ, శుక్రవారం

అమ్మాయి వెళ్లింది. గుమ్మం దగ్గర నా రెండు చేతులూ పట్టుకుని, "పంపు మాత్రం చె... చెవి పెట్టి విని తీసుకో నాన్నా. మిగతావన్నీ ఎలా ఉన్నా పర్లేదు," అంది.

అది కూడా నాకు చెప్పాలా.

8వ తేదీ, శనివారం

రెండు పంపులు. ఒకటి నా గుప్పిట్లో పట్టేంత, ఇంకోటి కొంచెం దిట్టంగా ఉంది. రెండుజోళ్లాయన గిన్నెలో నీళ్లు పోసి ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూపించాడు. చెవి ఆనించినంత దగ్గరగా వంగి విన్నాను. రెండూ అంతే. నిశ్శబ్దం. పువ్వుల్లాంటి పంపులు. మా కాలంలో పంపంటే పది బస్సుల అవతలికి తెలిసేది.

చప్పుడు రెండింటికీ లేనప్పుడు బలం చూసుకోవాలి కదా. దిట్టమైనదే ఇమ్మన్నాను. ఆయన ఏదో చాలాసేపు చెప్పాడు, పంపు తిప్పి అడుగు చూపించి వేళ్లతో ఏదో కొలిచాడు. అవునవును అన్నాను. తెలిసిన పనే.

9వ తేదీ, ఆదివారం

బిగించాం. చిప్పు మీద దిమ్మ కూర్చోబెట్టడానికి రెండుజోళ్లాయన స్వయంగా ఇంటికొచ్చాడు, ఎంత మంచివాడు. పంపు నేనే బిగించాను. అట్టడబ్బాలో పంపుతోపాటు పొట్లంలో స్పాంజీ, రబ్బరు బిళ్లలు ఉన్నాయి. దారిలో దెబ్బ తగలకుండా పెడతారు. చెత్తలో పడేశాను. నాలుగు బోల్టులు, కంప్యూటర్ పెట్టె అడుగు రేకుకు ఇనుము మీద ఇనుము కరిచేలా బిగించాను. కదిలితే నా పేరు మార్చుకుంటాను.

మా ఆవిడ టీ తెచ్చింది. ఆయన దిమ్మ మీదికి వంగే ఏదో అడిగాడు. "వద్దు బాబూ, నాకది పడదు," అన్నాను. మధుమేహం ఉన్నవాడికి టీలో చక్కెర ఏమిటి. ఆయన తలెత్తి నాకేసి అదోలా చూశాడు. మా ఆవిడ కూడా చూసింది. ఆవిడ ఏదో అనబోయి ఊరుకుంది.

10వ తేదీ, సోమవారం

నీళ్లు నింపి, కంప్యూటర్ ఆన్ చేయకుండా పంపు ఒక్కటే తిప్పాం. ప్రతి అతుకు కింద కాగితం పరిచాను. ఒక రోజంతా తిరిగింది. ఒక్క కాగితం తడవలేదు. గాలి బుడగలు పోవడానికి పెట్టెను అటూ ఇటూ వంచుతూ, పసిపిల్లకు తేనుపు తెప్పించినట్టు తెప్పించాను.

ఇల్లంతా నిశ్శబ్దం. ఇంత నిశ్శబ్దంగా ఈ ఇల్లు ఎప్పుడూ లేదు. రేపు అమ్మాయి వస్తుంది. రేపెప్పుడొస్తుందో.

11వ తేదీ, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అమ్మాయి తలుపు తీసి, చెప్పులు కూడా విడవకుండా ఆగిపోయింది.

"ఏంటిది?"

"ఏది?"

"ఈల."

"ఏ ఈలమ్మా?"

సంచీ కింద పడేసి వెనక గదిలోకి వెళ్లి పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "పంపు నాన్నా. సన్నగా, దోమలా."

"దోమలు ఉన్నాయి. కిటికీ వెయ్యలేదు మీ అమ్మ."

"దోమ కాదు నాన్నా. నీకు వినపడటం లేదా?"

"లేనిది ఎలా వినపడుతుందే?"

అది తల రెండు చేతుల్లో పట్టుకుంది. "ఫ్యాన్ల హోరే నయం. హోరైతే కొంతైనా తుడవొచ్చు. ఇది మాట మధ్యలోకి సూదిలా వస్తుంది. విని తీసుకోమన్నాను కదా. ఒ... ఒ..."

"ఒక్కటే కదా చెప్పాను అంటావు, అంతేగా," అన్నాను.

అమ్మాయి నోరు మూసుకుంది. నేనేం చేశానో అప్పుడు తెలిసింది. దాని మాట నేను పూర్తిచేశాను. పుట్టాక మొదటిసారి. ఈమధ్య అందరూ సగం సగమే మాట్లాడుతున్నారు, మిగతాది మనమే ఊహించుకోవలసి వస్తోంది, ఆ అలవాటులో వచ్చేసింది.

"ఆయన్నేమీ అనకు," అంది మా ఆవిడ. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నా తరఫున మాట్లాడటం నేను ఎరగను. ఎందుకో నాకది నచ్చలేదు.

12వ తేదీ, బుధవారం

ఈల లేదు. నాలుగుసార్లు చూశాను. లేదు.

సాయంత్రం

రెండుజోళ్లాయనకు అమ్మాయి ఫోన్ చేసింది. నీళ్లు తాకిన పంపు వెనక్కి తీసుకోరట. ఆ చిన్న పంపు అమ్ముడైపోయింది, మళ్లీ రావాలంటే మూడు వారాలు. అమ్మాయి కంప్యూటర్లో ఏదో నొక్కి పంపు వేగం తగ్గించింది. ఈల కాస్త లావైందట. పోలేదట.

లేని ఈల లావెలా అవుతుంది. పైకి అనలేదు.

13వ తేదీ, గురువారం

పేపరు చదువుకుంటూ ఎందుకో తలెత్తితే, అమ్మాయి నా కుర్చీ వెనకాల నిలబడి ఉంది. సెల్‌ఫోన్ నా చెవి పక్కగా పట్టుకుని ఉంది.

"ఏమ్మా, ఫోటోనా?"

"ఆఁ. ఫోటోనే నాన్నా."

కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ప్రయాణంలో జలుబు చేసినట్టుంది. గొంతుతో పని ఉన్న రోజులివి, చల్లనీళ్లు తాగొద్దన్నాను.

14వ తేదీ, శుక్రవారం

వంటింట్లో తల్లీకూతుళ్లు గుసగుసలు. గుమ్మంలోకి వెళ్లేదాకా ఒక్క మాట బయటికి రాలేదు. నన్ను చూసి ఆపేశారు. మా ఆవిడ పొయ్యి మీద ఏమీ లేకపోయినా గరిటె తిప్పుతోంది.

నా ఇంట్లో నా దగ్గర రహస్యాలు ఎప్పుడు మొదలయ్యాయో.

15వ తేదీ, శనివారం

పోయింది. ఈల పోయింది.

అమ్మాయి నా ఎదురుగా కుర్చీ లాక్కుని, నా ముఖంలోకి చూస్తూ, ఒక్కో మాట విడివిడిగా చెప్పింది. "నాన్నా. ఈల. పోయింది. గొట్టంలో గాలి ఉండి ఉంటుంది. అదే సర్దుకుంది. నీ పంపు బంగారం."

నేను చెప్పలేదూ. గాలే అయ్యుంటుంది. గాలి ఎంత చిక్కిందో మొదటి రోజునుంచీ చూస్తున్నాను కదా. ఎంత భారం దిగిందో చెప్పలేను. మధ్యాహ్నం కాస్త కునుకు పట్టింది కూడా.

16వ తేదీ, ఆదివారం

చాలా సంతోషంగా ఉంది. ఈల పోయింది. చాలా సంతోషంగా ఉంది.

అమ్మాయి భోజనం సరిగా చేయలేదు.

17వ తేదీ, సోమవారం

పదకొండు గంటలకు టీ తీసుకుని వెనక గదిలోకి వెళ్లాను. అలమారు తలుపు మీద నాలుగు దుప్పట్లు వేలాడుతున్నాయి, లోపల అమ్మాయి చదువుతోంది. కంప్యూటర్ దీపం వెలగడం లేదు. పట్టపగలు, ఆఫీసు పని ఉడకవలసిన వేళ. పెట్టె మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది.

టీ అక్కడే పెట్టి మా ఆవిడ దగ్గరికి వచ్చాను. "కంప్యూటర్ ఎందుకు ఆపింది?"

"తిరుగుతుంటే చదవలేకపోతోంది కాబట్టి ఆపింది."

"ఈల పోయిందని చెప్పిందిగా."

"పోలేదు."

"మరి పోయిందని ఎందుకు చెప్పింది?"

ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది. ఇంకో సంగతి చెప్పింది. బొమ్మలు ఆలస్యమవుతున్నాయని ఆఫీసువాళ్లు రెండుసార్లు కేకలేశారు, రేపు స్వయంగా రమ్మన్నారు. ఈ లెక్కన నాలుగు వందల పేజీలు కుదరని పని. పుస్తకం వద్దని కంపెనీకి రాసేద్దామనుకుంటోందట. "నాన్న కొన్న పంపు బాగోలేదని రాయను, నాకే గొంతు నొప్పి అని రాస్తానంది," అంది.

కూర్చున్నాను. చేయడానికి ఏమీ తోచలేదు. నాకు కనపడని పురుగు నా పిల్లను తింటోంది, అందరూ చూస్తున్నారు, నేనొక్కణ్నే ఎక్కడ, ఎక్కడ అంటూ చుట్టూ తిరుగుతున్నాను. నేను బిగించినదే. నా చేత్తో, కదలకుండా.

18వ తేదీ, మంగళవారం

అమ్మాయి ఆఫీసుకు వెళ్లింది. వెళ్లేముందు పాత బొమ్మ ఒకటి ఉడకడానికి పెట్టి వెళ్లింది, కాబట్టి అంతా తిరుగుతోంది.

పెట్టె మూత తీసి ముందు కూర్చున్నాను. కూర్చుంటే ఏమొస్తుంది. అరచెయ్యి రేకు మీద పెట్టాను. సన్నగా వణుకుతోంది, జ్వరం వచ్చిన పిల్లలా. అంతదాకా వణుకుందేమోనని చేత్తో చూడాలని కూడా తోచలేదు నాకు. చెవులతో పని అన్నారని చెవులతోనే వెతుకుతూ కూర్చున్నాను.

డిపోలో పాతిక ఇంజన్లు ఒకేసారి తిరుగుతుంటే ఏ పంపు ఏడుస్తోందో ఏ చెవికీ తెలియదు. పొడుగు స్క్రూడ్రైవర్ మొన పంపుకు ఆనించి, పిడి తెచ్చి చెవి వెనక ఎముకకు నొక్కేవాళ్లం. గాలితో పని లేదు, ఇనుమే చెబుతుంది. లేచి వెళ్లి స్క్రూడ్రైవర్ తెచ్చాను.

ఆనించాను.

ఈల.

సన్నగా, పదునుగా, నా పుర్రెలో కూర్చుని ఎవరో వేస్తున్నట్టు. స్క్రూడ్రైవర్ తీశాను. లేదు. పెట్టాను. ఉంది. తీశాను. లేదు. రెండో చెవి వైపు పెట్టాను. ఉంది. తీశాను. లేదు. ఎన్నిసార్లు చేశానో. తల తిప్పితే మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఉంది," అన్నాను.

ఆవిడ అరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి. ఏమందో అడగలేదు.

కాసేపటికి పని మీద పడ్డాను. పంపు మీద ఈల చిన్నది. పెట్టె అడుగు రేకు మీద స్క్రూడ్రైవర్ పెడితే ఎముక జిల్లుమంది. అంటే పంపు పాడుతున్నది కొంచెమే, రేకు దాన్ని అందుకుని ఊరంతా చాటుతోంది. ఇనుము మీద ఇనుము కరిచేలా బిగించిన ఘనుణ్ని నేనే కదా.

"ఆ రోజు ఆయన అడిగింది చక్కెర కాదు," అంది మా ఆవిడ నా ఎదురుగా వచ్చి కూర్చుని. ఈసారి అరిచింది, కానీ ఎప్పటిలా కాదు. "పంపు కింద రబ్బరు వేశారా అని. మీరేమో వద్దు బాబూ నాకది పడదు అన్నారు."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా."

"బయటివాడి ముందు ఏమని చెప్పను?"

నిజమే. ఏమని చెబుతుంది.

ఆ రబ్బరు బిళ్లలు ఏ చెత్తకుప్పలో ఉన్నాయో. నా రబ్బరు చెప్పు తీసుకుని మడమ భాగం కోశాను. పంపు కింద రెండు పొరలు. బోల్టు తలకాయ కింద ఒక చక్రం, నట్టు కింద ఒక చక్రం, ఎక్కడా ఇనుము ఇనుమును తాకకుండా. బిగించడం కూడా వేళ్లతో బిగించినంతే. మళ్లీ తిప్పి రేకు మీద స్క్రూడ్రైవర్ పెట్టాను. ఏమీ లేదు. చెయ్యి పెట్టాను. వణుకు లేదు. కానీ నా మాట నేనే నమ్మడం మానేశాను, అందుకని నాలుగింటి దాకా పెట్టె ముందే కూర్చున్నాను.

"ఒంటి చెప్పుతో తిరుగుతారా ఇక?" అంది మా ఆవిడ.

అమ్మాయి వచ్చింది. గదిలోకి నడుస్తున్న దాని ముఖమే చూస్తున్నాను, నా దగ్గరున్న మీటరు అదొక్కటే. రెండు అడుగులు వేసి ఆగింది. తల ఒక పక్కకు వంచింది. పెట్టె దీపం చూసింది, వెలుగుతోంది. నేల మీద కోసిన చెప్పు చూసింది, స్క్రూడ్రైవర్ చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నిజం చెప్పమ్మా ఈసారి," అన్నాను. "నా కోసం చెప్పొద్దు."

అది నా ముందు కూర్చుంది. మాట తగులుకుంది. నేను ఆగాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆగాను.

"లే... లే... లేదు నాన్నా. నిజంగా లేదు."

19వ తేదీ, బుధవారం

కంప్యూటర్ ఉడుకుతుండగానే పది పేజీలూ చదివింది. పంపేముందు హెడ్‌ఫోన్ తెచ్చి నా తలకు తగిలించి, వాల్యూమ్ పెంచింది. ఇంకా పెంచింది. చివరిదాకా పెంచింది. వంటింట్లోంచి మా ఆవిడ "తగ్గించండి, నా చెవులు పోతున్నాయి," అంది, అదీ అమ్మాయి చెబితేనే తెలిసింది.

విన్నాను. ఎవరో ఒక ముసలామె రైలు కోసం ఎదురుచూసే కథ. మధ్యమధ్య కొన్ని మాటలు నీళ్లలో మునిగాయి, పర్లేదు. గొంతు నా పిల్లదే. ఎక్కడా ఆగలేదు. ఆగవలసిన చోట, చుక్క దగ్గర, తనకు తానుగా ఆగింది.

పంపేసింది.

20వ తేదీ, గురువారం

ఏమీ రాలేదు.

21వ తేదీ, శుక్రవారం

ఏమీ రాలేదు. పెట్టెలో నీళ్ల మట్టం చూశాను. రెండు చుక్కలు తగ్గినట్టుంది. పోశాను.

22వ తేదీ, శనివారం

రాలేదు. ఇంతకుముందు ఫోన్ మోగితే నేనే ముందు అందుకునేవాణ్ని. ఇప్పుడు అమ్మాయి ముఖంలోకి చూస్తూ కూర్చోవడం నా పని.

24వ తేదీ, సోమవారం

పుస్తకం మా అమ్మాయిదే.

పొద్దున్న తొమ్మిదిన్నరకు వచ్చింది కబురు. గది నిశ్శబ్దంగా ఉంది, గొంతు బాగుంది, మొదలుపెట్టండి అని. అమ్మాయి చదివి నాకు వినిపించలేదు, ఫోన్ తెచ్చి నా కళ్ల ముందు పెట్టింది. నేనే చదువుకున్నాను, నాలుగుసార్లు. మా ఆవిడ ఏడ్చింది. నేను ఏడ్చాను. అమ్మాయి మా ఇద్దరినీ చూసి నవ్వి, పెట్టె దగ్గరికెళ్లి మూత మీద చెయ్యి వేసి, అక్కడ అది కూడా ఏడ్చింది. ఇంత సంతోషం ఈ ఇంట్లో ఎన్నడూ చూడలేదు. ఏదీ నా చేతుల్లో లేదని తెలిశాక వచ్చింది, అదొక్కటే చిత్రం.

ఇక చుట్టాలకు చెప్పాలి. ఫోన్లు మా ఆవిడ చేస్తుంది, నేను పక్కన కూర్చుంటాను. మరచిపోకుండా రాసుకుంటున్నాను.

పెద్ద బావగారు. ఈ పిల్ల ఫోనెత్తితే అవతలివాడికి తెల్లారుతుందని నవ్విన మనిషి. ముందు ఆయనకు.

తోడల్లుడు, మరదలు. అమ్మాయిని పెళ్లిచూపుల్లో నోరు తెరవొద్దన్నది మరదలే. చెప్పి ఫోన్ పెట్టేయాలి, ఎక్కువ మాట్లాడకూడదు. కాదు, మాట్లాడాలి. సంతోషానికి పాత లెక్కలు ఎందుకు.

మా తమ్ముడు, మరదలు, వాళ్ల పిల్లలందరూ. పిల్లలకు విడివిడిగా.

మా ఆవిడ మేనమామ. ఎనభై దాటాయి, రోజంతా రేడియో వింటాడు. పుస్తకం వచ్చాక ఎలా వినాలో ఎవరైనా పక్కన కూర్చుని చూపించాలి.

వియ్యపురాలు కావలసిన, కాకుండా పోయిన ఆవిడ. చుట్టం కాదు. అయినా.

చిన్నక్కయ్య. ఫోన్ కాదు, ఉత్తరం రాయాలి, పెద్ద అక్షరాలతో, నేనే. ఆవిడకూ వినపడదు.